తెల్లచీర బొంత మీద గీతలు

బట్ట మీద గీత గీయడానికి ఏదైనా పనికొస్తుంది. కుట్టు అయ్యాక ఆ గీత పోవాలి, చిక్కంతా అక్కడే. ఇన్నేళ్లు మిషను తొక్కినదాన్ని, ఇంకే పనిలోనూ ఇంత విసుగు పడలేదు. అందులోనూ ఆ తెల్లచీర బొంత! తలుచుకుంటే ఇప్పటికీ నడుం పీకుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. పలాసలో ఒక గది ఇల్లు మాది. అమ్మ జీడిబట్టీలో కాయలు కొట్టేది. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. అక్కను టెక్కలి ఇచ్చాం. అక్కకు నెలలు నిండకుండానే కొడుకు పుట్టాడు. అమ్మ ఆసుపత్రికి వెళ్లేసరికి వాడు అద్దాలపెట్టెలో ఉన్నాడు. బయటినుంచే చూసి, మర్నాడు పనికి రమ్మన్నారని వచ్చేసింది. ఎత్తుకోలేదు. బావకేమో అండమాన్‌లో పని. బిడ్డను చర్చిలో దేవుడికి ప్రతిష్ఠించిన మర్నాడే ముగ్గురూ బయల్దేరాలి. అంటే అమ్మకు మనవణ్ణి ఎత్తుకోవడానికి ఉన్నది ఆ ఒక్క ఆదివారమే.

అమ్మ తన పెళ్లినాటి తెల్లచీర పెట్టెలోంచి తీసింది. "ఇది పైన, కింద ఏసి నడుమ పాత నేతచీరలు పెట్టి గళ్ల బొంత కుట్టే అమ్మీ. దీన్లో సుట్టి ఎత్తుకుంటాను," అంది. అక్క అత్తగారు శుభ్రం మనిషని మాకు ఒకటే బెదురు. జీడి కొట్టేవాళ్ల ఇంటినుంచి వచ్చిన బొంత మీద మరకంటూ ఉండకూడదని అమ్మ పంతం.

రంగు చీరలైతే కంటి అంచనాతో కుట్టుకుపోతాను. తెల్లబట్ట మీద గళ్లంటే గీత లేకుండా కుదరదు. ముందు పీలికల మీద చూశాను. తెల్ల సుద్ద తెల్లబట్ట మీద కనపడి చావదు. నీలం సుద్ద గీతకు ఇస్త్రీపెట్టె తగిలిందో, ఇక అది కదల్లేదు. పెన్సిలు గీత ఉతికితే పోయినట్టే పోయి దారం వెంట నల్లగా నిలబడింది. పలక బలపం గరుకు, నలిగిన పాతబట్ట పోగులు లేచిపోయాయి. కాశీబుగ్గలో ఫ్యాన్సీ షాపతను, "దానంతటదే మాయమైపోయే పెన్నమ్మా, వైజాగ్ సరుకు," అని అంటగట్టాడు. నిజమే, మాయమైంది. సూదిలోకి దారం ఎక్కించేలోపే మాయమైంది! అరిగిన సబ్బుముక్క అంచుతో గీస్తే మాత్రం నీళ్లు తగలగానే పోయింది. కానీ ఆ గీత పొద్దున్నే గుమ్మంలో వాలుగా పడే వెలుతుర్లో తప్ప కనపడదు. రోజుకో గంట కుట్టుకుంటూ కూర్చుంటే ఎప్పటికయ్యేను? అడుసు తొక్కనేల, కాలు కడగనేల, అసలు గళ్లే వద్దు పొమ్మన్నాను.

బట్టీనుంచి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్న అమ్మ నవ్వింది. "మాయమ్మ పిడకల బూడిద రాసేది దారానికి. చెరో కొసా పట్టి లాగి ఒగ్గేత్తే గీత పడిపోద్ది. దులిపితే పోద్ది. పిడకల బూడిద తే."

పొయ్యిలోంచి గుప్పెడు తెచ్చాను. అమ్మ ఒక కొస, నేనొక కొస పట్టుకున్నాం. దారం టప్పున కొట్టింది. గీత ఎంత సన్నగా, ఎంత తిన్నగా పడిందో! నాలుగు వరసలు కుట్టాక ఎందుకైనా మంచిదని ఆ మూల తడిపి రుద్దాను. బూడిద పోయింది. దాని కింద జిడ్డుగా పసుపుపచ్చని చార తేలింది. సబ్బు పెట్టాను, నిమ్మకాయ పెట్టాను. పోలేదు.

అప్పటికి మూడు రోజులుగా తిండీ నిద్రా సరిగ్గా లేవు. నా నోరు మామూలుగానే మంచిది కాదు.

"నీ సేతులు తియ్యమ్మా! ఆ జీడి సేతుల్తో తెల్లబట్ట పట్టుకుంటే ఏటవుద్ది మరి? నాశనం సేసీసావు!"

అమ్మ తన చేతుల కేసి చూసుకుంది. జీడిరసానికి వేళ్లు నల్లబడి, అరచేతులు పొరలు లేచి ఉండేవి. పెరట్లోకెళ్లి కిరోసిన్‌తో తోమింది, చింతపండుతో తోమింది. తిరిగొచ్చి, "సర్లే, ఇంక ముట్టుకోనులే," అని గోడవారగా కూర్చుంది.

మరకపడ్డ ముక్క కత్తిరించి, చీర మిగులులోంచి అతుకు వేశాను. మిగతాదంతా గళ్లు వెడల్పు చేసి, పొద్దున్నే గుమ్మంలో కూర్చుని సబ్బుగీతల మీదే కుట్టాను. శనివారం నాటికి పూర్తయింది. ఒక్క మచ్చ లేదు.

ఆదివారం టెక్కలి చర్చిలో ప్రార్థన అయ్యాక అక్క అత్తగారు ఆ బొంతలోనే బిడ్డను చుట్టి అమ్మ దగ్గరికి తెచ్చింది. మేం అనుకున్నంత గట్టి మనిషేం కాదు. "ఇదిగో వదినా, నీ మనవడు. ఎత్తుకో," అంది.

అమ్మ చేతులు పైటకింద ఉన్నాయి. "వద్దొదినా, తెల్లబొంత. నా సేతులు మంచివి కావు. మా సిన్నమ్మి ఎత్తుకుంటాదిలే."

నేను ఎత్తుకున్నాను. అమ్మ పక్కన నిలబడి వాడి మొహం చూసింది. మర్నాడు వాళ్లు వెళ్లిపోయారు.

ఆ వారంలోనే ఒకరోజు అన్నం గిన్నె తోముతూ ఒక తెల్ల పీలికతో బూడిద అద్దాను. పీలికకు అదే చార, అదే పసుపు, అదే జిడ్డు. బొంత మొదలెట్టే ముందు పట్టిన ముసురుకి పిడకలు నానిపోయాయని, బట్టీనుంచి తెచ్చిన జీడితొక్కలు నేనే పొయ్యిలో పెట్టాను. సగం కాలిన తొక్కల జిగురు బూడిదలో ఉండిపోయింది. పిడకల బూడిదని అమ్మ చెప్పనే చెప్పింది. ఎదురుగా ఉన్నది పట్టుకొచ్చింది నేను.

సాయంత్రం అమ్మ గుమ్మంలో అడుగుపెట్టగానే చెప్పేశాను. "అమ్మా, ఆ మరక నీ సేతుల్ది కాదు. నేను తెచ్చిన బూడిదది. బుద్ధిలేక నిన్ను అన్నాను."

అమ్మ కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపు అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"ఆ ముక్కేదో ఆదివారంలోపు సెప్తే ఎత్తుకుందును కదే," అంది.