ఎనిమిదో వరుసలో గుర్రం

చదరంగంలో చేజారిన మంత్రి ఒకటి, తొమ్మిది పాయింట్లు. గుర్రం ఒకటి, మూడు. గెలవాల్సిన ఆట ఒకటి. దానితో పాటు బహుమతిగా రావాల్సిన స్టీలు టిఫిన్ డబ్బా ఒకటి. సాయంత్రాలు ఎన్నో, వాటికి నేను లెక్క కట్టలేకపోయాను. పన్నెండేళ్లప్పుడు ఒక్క పూటలో పోగొట్టుకున్నవి ఇవి. మొన్న బీరువా కింది అర దులుపుతుంటే పాత జంపఖానా ముక్క బయటపడి, అద్దకం రంగు, గంజి కలిసిన వాసన తగలగానే ఈ లెక్క మళ్లీ మొదలైంది.

కొత్తవాడలో మా గోడ పక్కనే ఖాసిం చాచా మగ్గం. దసరా సెలవుల్లో వీధి మోరీలు అద్దకం నీళ్లతో ఒక పూట ఎర్రగా, ఒక పూట పచ్చగా పారేవి, ఆరేసిన నూలు పక్కన తంగేడు పూలు కుప్పలు పోసేవాళ్లు, అమ్మ బతుకమ్మకు చేసిన సత్తుపిండి ముద్దలు ఆకులో చుట్టి చాచాకు పంపేది, ఆయన రంగు చేతులు కడుక్కుని వచ్చి, తానే అరవై నాలుగు గడులుగా నేసిన ఈ ముక్కను అరుగు మీద పరిచేవాడు. నాకు చదరంగం నేర్పింది ఆయనే. ఆయన ఆటలో అవతలి చివరికి చేరిన బంటు, ఏ పావు గడిలో అడుగు పెడితే ఆ పావే అవుతుంది: ఏనుగు గడిలో ఏనుగు, గుర్రం గడిలో గుర్రం. "జర సోంచాయించి ఎత్తు వెయ్ బేటా" అని, నన్ను ఆలోచించుకోనిచ్చి, బీడీ ఆరిపోయేదాకా నా ఎత్తు కోసం ఆగేవాడు.

హన్మకొండ క్లబ్బులో పిల్లల టోర్నమెంటు రోజు పొద్దున మా ఆట సగంలో ఉంది. "వచ్చినంక ఎత్తు వెయ్, వంతు నీదే" అని పావులు కదపకుండా వదిలేసి, చాచా నన్ను సైకిల్ మీద తీసుకెళ్లాడు.

చివరి ఆటలో నా బంటు గుర్రం గడికి చేరింది. దాన్ని గుర్రం చేసి, చెక్ అన్నాను.

"మంత్రిని తీస్కోక గుర్రమేందిరా, టాంగా తోల్తవా?" అన్నాడు చూస్తున్న పిల్లల్లో ఒకడు. అందరూ నవ్వారు. క్లబ్బు ఆటలో ఏ గడికి చేరినా మంత్రిని కోరుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఎదుటివాడు రాజును జరుపుకున్నాడు. చెవులు కాలిపోతుంటే నేను బోర్డు సరిగా చూడకుండానే ఏదో బంటును తోశాను. ఆ తర్వాత గుర్రమూ పోయింది, ఆటా పోయింది.

బయట చాచా రుమాలులో సీతాఫలాలు కట్టుకుని నిలబడ్డాడు. "ఏమైంది బేటా?"

"నీకే రాని ఆట నాకెందుకు నేర్పినవ్? నీ వల్లనే అందరు నవ్విండ్రు."

ఆ పిల్లలంతా వింటుండగానే అన్నాను. ఆయన మూట ముడి సర్దుకుంటూ, "ఈడ కానూన్ వేరేనా? నాకెర్క లేకపాయె" అన్నాడు. మూటను హ్యాండిల్‌కు తగిలించి, నన్ను సైకిల్ మీద ఇంటికి తెచ్చాడు. అరుగు మీద మా ఆట పండుగ అయ్యేదాకా అలాగే ఉంది. నేను గోడ మీంచి చూసి తప్పుకునేవాణ్ని, మళ్లీ ఆ అరుగెక్కలేదు. చాచా పోయాక ఆయన బిడ్డ ఈ ముక్కను మా అమ్మకిచ్చింది.

ఆ ఆట ఎత్తులన్నీ నాకు నోటికి వచ్చు. నిన్న ఫోన్లోని చదరంగం యాప్‌లో పెట్టి చూశాను. గుర్రాన్ని అది తప్పు పట్టలేదు. అంతకంటే మంచి ఎత్తు లేదంది. మంత్రిని కోరుకుని ఉంటే డ్రా. ఆ గుర్రం రాజుకు చెక్ చెబుతూనే ఎదుటివాడి మంత్రి మీదా గురి పెట్టింది. రాజు జరిగాక మంత్రిని తీసుకోవడమే మిగిలిన పని. చాచా ఆట నన్ను గెలుపు దాకా తెచ్చి నిలబెట్టింది. నేనే బోర్డును సరిగా చూడలేదు.

కొత్తవాడలో ఇప్పుడు ఆ అరుగు లేదు. మోరీల మీద బండలు పరిచారు, రంగునీళ్లు కనబడవు. ముక్కను నేల మీద పరిచి చూసుకున్నాను. గడులు అరవై నాలుగూ ఉన్నాయి. వంతు ఇంకా నాదే. బాకీ, ఒక ఎత్తు.