దొర రెండుసార్లు చనిపోయే ఊరు

మొన్న మా చెల్లెలిని రైలెక్కించడానికి నాంపల్లి స్టేషన్‌కు వెళ్ళినప్పుడు, ప్లాట్‌ఫారం మీద నలుగురు కుర్రవాళ్ళు గదలు, కిరీటాలు పైకి పొడుచుకొస్తున్న పెట్టెలను దించుకుంటూ కనబడ్డారు. ఎక్కడో నాటకం వేయడానికి వచ్చినట్టున్నారు. రైలు కదిలిపోయినా నేను కదలకపోవడం చూసి, మోకాళ్ళు పట్టేశాయనుకుని మనవడు చెయ్యందించాడు. మోకాళ్ళ సంగతీ నిజమే గాని, ఇదే ప్లాట్‌ఫారం మీద ఏటా చలికాలంలో ఏడు ఇనుప పెట్టెలతో దిగే ఇంగ్లీషు దొర గుర్తొచ్చి నిలబడిపోయాను.

అబిడ్స్ చుట్టుపక్కల బళ్ళలో చదివిన మా తరంవాళ్ళకు ‘నాటకాల దొర’ అంటే చాలు, గుర్తొచ్చేస్తుంది. తెల్లవాళ్ళ పాలన ఉన్న రోజుల్లో పాతికేళ్ళ వయసులో ఏదో నాటక కంపెనీతో ఓడ దిగారట. మొదట కంటోన్మెంట్లలో సిపాయిలకు, తరవాత సంస్థానాల్లో రాజులకు, రాజులు కూడా పోయాక బడిపిల్లలకు నాటకాలు వేస్తూ, తోటివాళ్ళంతా ఒక్కొక్కరే స్వదేశం వెళ్ళిపోయినా ఆయన మాత్రం భార్యతోనూ, మరో నలుగురు నటులతోనూ ఊరూరా తిరుగుతూ ఇక్కడే ఉండిపోయారు. రాజైనా, దొంగైనా, మనిషి తక్కువపడితే మంత్రగత్తె అయినా ఆయనే. నాంపల్లిలో దిగగానే రెండు కప్పుల ఇరానీ చాయ్ పడితే గాని పెట్టెల మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు.

నేను అబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరిన రెండో ఏడు ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. సినిమాల ధాటికి బళ్ళవాళ్ళు పిలవడం మానేశారని, ఆ ఏడు హైదరాబాదులో ఒప్పుకున్నది మా బడి ఒక్కటేనని, ఇక్కడ కూడా హాలు నిండకపోతే ఇటునుంచి ఇటే బొంబాయి పోయి ఓడ ఎక్కేస్తామని, పెట్టెలు అమ్మేస్తామని రాశారు. చిన్నప్పటి నుంచీ ఆయన నాటకాలు చూసిన నేను ఆ ఉత్తరం పట్టుకుని క్లాసు క్లాసుకూ తిరిగాను. తీరా చూస్తే సగంమంది పిల్లలు పరీక్షలని రాలేమన్నారు. మా హెడ్‌మిస్ట్రెస్ గారేమో హాలు నింపే పూచీ నాదేనని తేల్చి చెప్పి, కళ్ళజోడు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

మా బాపుది ఉస్మాన్‌గంజ్ బజారులో మిర్చి వ్యాపారం. ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు గాని పద్య నాటకాలంటే పడిచస్తాడు. ఎక్కడ హార్మోనియం మోగినా మొదటి వరసలో ఉండవలసిందే. ఇంటికొచ్చి నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నవ్వేశాడు.

“గింత దానికి ఏడుస్తరా బిడ్డా? ఫికర్ జెయ్యకు, మా గంజ్ మొత్తాన్ని పట్కొస్త.”

“ఇంగ్లీషు నాటకం బాపూ, మీకేం సమజైతది?”

“కథ నువ్వు జెప్పు. ఏడ్సుడు, సచ్చుడు ఏ భాషలనైనా ఒక్కటే గద.”

నమ్మిన స్నేహితుడి చేతిలో మోసపోయి, కోట గుమ్మంలో ప్రాణాలు విడిచే ఒక ముసలి సేనాపతి కథ అది. నేను చెప్పినదానికి తన సొంత మసాలా కూడా దట్టించి, మిర్చి బస్తాల మీద కూర్చుని రెండు రోజులపాటు గంజ్ అంతటికీ వినిపించాడు బాపు. శనివారం మధ్యాహ్నం రిక్షాల్లో దిగారు జనం, ఆడవాళ్ళు పట్టుచీరల్లో, మగవాళ్ళు ఉతికిన ధోవతుల్లో. ఎంత ఉతికితేనేం, హాలంతా మిర్చి ఘాటే. హెడ్‌మిస్ట్రెస్ గారు రెండుసార్లు తుమ్మి నా వంక చూశారు.

అల్లరి చెయ్యొద్దని నేను ముందే నూరిపోయడం వల్ల అందరూ నోళ్ళు కుట్టేసినట్టు కూర్చున్నారు. చేసిన పొరపాటల్లా అదే. ఆ నిశ్శబ్దం చూసి దొరకు వీళ్ళకేమీ పట్టడం లేదనిపించిందేమో, అంకం అంకానికీ గొంతు దిగిపోతోంది. రెండో అంకం అయ్యాక తెర వెనక భార్యను బొంబాయి రైలు ఎన్నింటికని అడిగారు. స్టేజి పక్కన హెడ్‌మిస్ట్రెస్ గారితో నిలబడ్డ నాకు ఆ మాట వినబడింది.

ఆఖరి రంగం వచ్చింది. కోట గుమ్మానికి ఆనుకుని సేనాపతి చివరి మాటలు మొదలుపెట్టారు. గొంతు ఎక్కణ్ణుంచో పైకి లేచి, ఒకే ఊపిరిలో ఆలాపనలా సాగి, నెమ్మదిగా తెగిపోయింది. దొర నేలకొరిగారు. ఇక బాపు వల్ల కాలేదు. లేచి నిలబడి, “వన్స్ మోర్!” అని కేక పెట్టాడు. వెంటనే గంజ్ అంతా అందుకుంది. పద్య నాటకాల్లో మనకది మామూలే, పద్యం నచ్చితే చచ్చినవాడైనా సరే లేచి మళ్ళీ పాడి మళ్ళీ చావవలసిందే. పాపం దొరకేం తెలుసు? పడుకున్న మనిషి మొహం ఎర్రబడిపోయింది. వెక్కిరిస్తున్నారనుకుని ఆయన భార్య తెర వెయ్యమని సైగ చేసింది. నేను పరుగెత్తి తెర తాడు పట్టుకుని, ఇంతకు మించిన గౌరవం మా వాళ్ళకు తెలియదమ్మా అని లేని ధైర్యం తెచ్చుకుని ఆవిడకు చెప్పాను. ఆవిడ తెర పక్క నుంచి వంగి, నువ్వు మళ్ళీ చనిపోవాలట అని భర్తకు చెప్పింది.

దొర ఒక కన్ను తెరిచారు. లేచి, దుమ్ము దులుపుకుని, వంగి నమస్కారం పెట్టి, మళ్ళీ మొదలుపెట్టారు. మొదటిసారి సేనాపతి కోపంతో చనిపోయాడు. రెండోసారి స్నేహితుణ్ణి క్షమించి చనిపోయాడు. మాటలు మాత్రం అవే. మూడోసారి కూడా చావమని అరిచేసరికి, పడుకునే చెయ్యెత్తి, “భాయ్, అబ్ తో మర్నే దేవ్!” అన్నారు, ఇకనైనా చావనివ్వండయ్యా అని. హాలు గొల్లుమంది.

బాపు స్టేజి ఎక్కి తన శాలువా తీసి ఆయనకు కప్పాడు. “ఏం సచ్చినవయ్యా దొరా! మా గంజ్‌ల ఇసొంటి సావు ఎవ్వలూ సావలే.” అది నాచేత రెండుసార్లు ఇంగ్లీషులో చెప్పించుకుని, రంగు కరిగి చెంపల మీద కారుతున్నా తుడుచుకోకుండా నిలబడ్డారు దొర.

మర్నాడు వాళ్ళు ఎక్కింది మద్రాసు రైలు. ఆ తరవాత తొమ్మిదేళ్ళు వచ్చారు, తొమ్మిదేళ్ళూ మా ఊళ్ళో రెండేసిసార్లు చనిపోయారు. మిగతా ఊళ్ళలో కూడా పడిపోయాక కాసేపు చెవులు రిక్కించి ఉంటానని, ఎవరూ అడగరని నవ్వుతూ చెప్పేవారు. చివరికి ఒక కొండ ఊళ్ళో, మంచం మీద, ఒక్కసారే పోయారని ఆయన భార్య రాసింది.

ఇప్పుడు ఏది నచ్చినా బొటనవేలితో నొక్కి వందసార్లు చూస్తున్నాం. వందసార్లూ ఒకలాగే ఉంటుంది. మన కోసం ఒక మనిషి లేచి, దుమ్ము దులుపుకుని, ఇంకోలా చెయ్యడం ఈ కాలం పిల్లలు చూడనే లేదు. నేను చూశాను, అందుకు సంతోషమే. కాకపోతే ఒక్కటి మిగిలిపోయింది. టీచరమ్మను గదా, హెడ్‌మిస్ట్రెస్ గారు పక్కనే ఉండేవారు గదా, అందుకని పదేళ్ళూ గంజ్ అంతా అరుస్తుంటే నేను పెదవి బిగించుకునే నిలబడ్డాను. ఆయన్ను అడగాలని ఉండీ అడగనిదాన్ని ఆ హాల్లో నేనొక్కదాన్నే.