సైటు ఫైలు, పులిసిన పాల కంపు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. జహనుమా బస్తీలో మా వాడకట్టులో ఇంటికొకరికి ఏదో ఒకటి కనపడేది. మా అమ్మ ఆదివారం చర్చి నుంచి వస్తూ ఎవరికి ఏం కనపడిందో అంతా మోసుకొచ్చి, సరిగ్గా అన్నాలు తినేటప్పుడు మొదలుపెట్టేది. నేను కంచం పట్టుకుని అవతలికి పోయేదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. నా ముక్కుకు తగిలింది తగిలినట్టు చెబుతున్నాను, మీరేమనుకుంటారో మీ ఇష్టం.

ఎనభైల చివరి మాట. మాది ఒక పాల డెయిరీ. దాని ప్లాంటు ఊరి బయట, కంప్యూటర్ సెక్షన్ మాత్రం పత్తర్‌గట్టి బజారులో ఉండేది. కింద అత్తరు దుకాణం, దాని పక్కన బట్టల దుకాణాలు, పై అంతస్తులో మేము. నేను ప్రోగ్రామర్‌ని. నాతో పాటు ఆపరేటర్ యూసుఫ్ భాయ్, మా ఇద్దరి మీద ఇన్‌చార్జి మాణిక్ సార్.

పాల ఆఫీసే గానీ పాల చుక్క మా మెట్లెక్కేది కాదు. ప్లాంటులో ల్యాబు వాళ్లు ఒక్కో ట్యాంకరు పాలు పరీక్ష చేసి అంకెలు ఫోన్లో చెప్పేవాళ్లు. యూసుఫ్ భాయ్ వాటిని మెషీన్‌లో ఎక్కించేవాడు. పులుపు హద్దులో ఉంటే ట్యాంకరు తీసుకోవాలి, దాటితే వెనక్కి పంపాలి. ఆ సంగతి ప్రోగ్రాం తేల్చేది, ప్లాంటు వాళ్లు అదే పాటించేవాళ్లు.

మాణిక్ సార్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది, కానీ చెప్పక తప్పదు. జర్దా పాన్ నోట్లో పెట్టుకుని గడ్డం పైకెత్తి మాట్లాడేవాడు, కిందికి కారిపోకుండా. చాయ్ తాగిన గ్లాసులోనే ఉమ్మేవాడు. ఆ గ్లాసు కడగడానికి తీసుకుపోయే మనిషి మొహం చూస్తే నాకు ఏడుపొచ్చేది. మెషీన్ గదిలో తిండి తినకూడదని గోడ మీద రాసి ఉండేది. ఆయన ఆ గోడకే వీపు ఆనించి పెరుగన్నం తినేవాడు. ఛీ!

మాకు ప్రోగ్రాములు హెడ్డాఫీసు నుంచి టేపు మీద సోర్సుగా వచ్చేవి. అంటే వండిన కూర కాదు, కోసిన కూరగాయలు. మా మెషీన్ మీద మేమే వండుకోవాలి. బిల్డు చేయడం అనేవాళ్లం. బిల్డు చేసే ప్రతిసారీ మెషీన్ ముందుగా ఒక ఫైలు చదివేది, దాన్ని సైటు ఫైలు అనేవాళ్లం. ఏ కంపైలర్ వాడాలి, అంటే ఏ పొయ్యి మీద వండాలి, తయారైన ప్రోగ్రాం ఎక్కడ పెట్టాలి, ఏ ప్రింటరుకు పంపాలి, ఇలాంటివన్నీ ఆఫీసు మొత్తానికి అందులోనే ఉండేవి. ఉమ్మడి కాపురంలో ఏ కోడలు వండినా ఉప్పు అత్తగారు చెప్పినంతే పడాలి కదా, అలాగన్నమాట. ప్రోగ్రాంలో ఒకటి రాసి ఉండి, సైటు ఫైలులో ఇంకోటి ఉంటే, సైటు ఫైలు మాటే నెగ్గేది. ఆ సంగతి మెషీన్ ఎవరికీ చెప్పేది కూడా కాదు. దాన్ని మార్చే హక్కు మాణిక్ సార్ ఒక్కడిదే. చదివే హక్కు అందరికీ ఉండేది గానీ, మెషీన్ కొత్తగా వచ్చినప్పుడు తప్ప మళ్లీ ఎవరూ తెరిచి చూసింది లేదు.

ఆ ఎండాకాలం పాల పరీక్ష ప్రోగ్రాం కొత్తది వచ్చింది. టేపు ఎక్కించి, పులుపు హద్దు సరిగా ఉందో లేదో సోర్సులో నా కళ్లతో నేనే చూసి, బిల్డు మొదలుపెట్టాను. పట్టపగలు. కింద బజారులో రిక్షాల గోల వినపడుతూనే ఉంది.

కంపైలర్ నడుస్తుండగా కంపు కొట్టింది. పులిసిన పాల కంపు. కడగని సీసాలో అడుగున మిగిలి, ఎండలో ఉండిపోయిన పాలు ఎలా ఉంటాయో అలా. దాంతో పాటు ఇంకేదో ఘాటు.

"అల్లా! ఏంది బెహన్ ఈ బద్బూ? చూహా సచ్చిందా?" అన్నాడు యూసుఫ్ భాయ్ ముక్కు మూసుకుని.

ఎలుకే అనుకున్నాం. నేల పలకలు లేపి చూశాం. ఏసీ వెనక చూశాం. సార్ టిఫిన్ డబ్బా మీదే నాకు గట్టి అనుమానం, కానీ ఆ రోజు ఆయన సెలవు. యూసుఫ్ భాయ్ మళ్లీ వాసన పీల్చి, "దూద్ ఖరాబైన వాసన బెహన్. అజ్వాయన్ గూడ ఉన్నది చూడు" అన్నాడు. అవును, ఆ ఘాటు వాముదే. బిల్డు అయిపోయింది. తలుపు తీయకుండానే కంపు పోయింది.

తర్వాతి వారం జీతాల ప్రోగ్రాం బిల్డు చేస్తే మళ్లీ అదే కంపు. ఆ తర్వాత స్టోర్సు ప్రోగ్రాం. అప్పుడూ అంతే. ఊడ్చే ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని బయటికి ఉరికింది. పాలతో సంబంధం లేని ప్రోగ్రాములకు పాల కంపేమిటో నాకు అంతుపట్టలేదు. మాణిక్ సార్‌కు చెబితే గాలి పీల్చి, "నాకేం వస్తలేదే. కింద అత్తరు దుకాణంల అడుగు పో" అన్నాడు. అత్తరు దుకాణంలో పాల కంపట! ఆ మనిషితో మాట్లాడటం దండగని ఊరుకున్నాను.

మా గ్రేస్ అక్క కిషన్‌బాగ్‌లో ఉండేది. బావ రైల్వేలో ఫిట్టరు. అక్కకు పాలు పడక పిల్లవాడికి మా డెయిరీ బూత్‌లో అమ్మే పాలే పట్టేవాళ్లు. బబ్లూకు అప్పుడు బోర్లా పడటం కూడా రాలేదు. ఒకరోజు నేను వెళ్తే అక్క గిన్నె నా ముందు పెట్టింది.

"కరుణా, గివి మీ ఆఫీసు పాలే కదనే? పొయ్యి మీద పెట్టుడే, ఇరుగుతున్నయ్. అడిగితే బూత్‌వాడు నా మీదికే లేస్తున్నడు" అంది.

ఆ వారంలోనే బబ్లూకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. దవాఖానాలో చేర్చారు. ఆ వార్డులో ఈగలు, తడి నేల, ఒకే మంచం మీద ఇద్దరు పిల్లలు. మావాడి నుదుటి పక్కన సూది గుచ్చి సెలైన్ పెట్టారు. ఏడవడానికి కూడా ఓపిక లేదు వాడికి. పక్క మంచం మీద ఉన్న పాప మర్నాటికి లేదు. ఎక్కడికి పోయిందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ పాప తాగింది మా పాలేనో కాదో నాకు తెలియదు.

అక్క నీళ్లకు వెళ్తూ పిల్లవాడిని నా చేతికిచ్చింది. వాడు నా భుజం మీద కక్కాడు.

అదే కంపు. పులిసిన పాలు, వాము. ఒక్క వీసమెత్తు తేడా లేదు.

"వాము ఏందక్కా?" అని అడిగాను తిరిగి వచ్చిన అక్కను.

"కడుపు చెడ్డప్పటి సంది వాము నీళ్లు పడుతున్న. అంతకుముందు ఎప్పుడు పట్టలే" అంది.

మా గదిలో వాము వాసన అంతకు చాలా ముందే వచ్చింది. బబ్లూ అప్పటికి గుండ్రాయిలా ఉన్నాడు. ఆ కొత్త ప్రోగ్రాం ఒక్క ట్యాంకరును కూడా ఇంకా ఒప్పుకోలేదు, తయారవుతూ ఉంది అంతే.

మర్నాడు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని ఆఫీసుకు పోయాను. దారంతా ఒకటే ఆలోచన. ఏ ప్రోగ్రాం బిల్డు చేసినా కంపు వస్తోందంటే, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో దానికి కారణం. కంపైలర్ పాతదే, ఇన్నేళ్లలో ఎప్పుడూ కంపు రాలేదు. ఇక మిగిలింది సైటు ఫైలు. దాన్ని చదవవద్దని మెషీన్‌కు చెప్పి బిల్డు చేసే పద్ధతి ఒకటుంది. జీతాల ప్రోగ్రాం అలా చేశాను. గదిలో ఏసీ వాసన తప్ప ఏమీ లేదు. మళ్లీ మామూలుగా చేశాను. కంపు గుప్పుమంది. యూసుఫ్ భాయ్ దస్తీ అడ్డం పెట్టుకుని వరండాలోకి పరిగెత్తాడు.

బిల్డు ఒకపక్క నడుస్తుండగానే సైటు ఫైలు తెరిచాను. కంపైలర్, ప్రింటరు, పాతవన్నీ ఉన్నాయి. చివర కొత్త లైను ఒకటి. పులుపు హద్దు. సోర్సులో ఉన్న హద్దు కంటే బాగా పెంచేసి ఉంది. అంటే ప్రోగ్రాంలో హద్దు సరిగా ఉందని నేను చూసుకున్నదంతా ఉత్తదే. హెడ్డాఫీసు వాళ్లు వచ్చి వెతికినా ప్రోగ్రామే చూస్తారు, అంతా బాగుందనే అంటారు.

సరిగ్గా అప్పుడే మాణిక్ సార్ లోపలికొచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, డబ్బా మూత తీశాడు.

"సార్, సైటు ఫైలుల ఈ లైను మీరే రాసిన్రా?"

"నేనే రాసిన. ఏమాయె?" అన్నాడు అన్నం కలుపుతూ. "ఎండకాలం పాలు జర పులుస్తయి. రోజు గన్ని ట్యాంకర్లు ఎనకకు పంపితే పాలు పోసేటోళ్ల లొల్లి నువ్వు పడ్తవా? కాచుకొనే కదా తాగుతరు జనం."

"మా అక్క కొడుకు దవాఖానల ఉన్నడు సార్. ఆ పాలు తాగి."

"పిల్లలన్నంక కక్కరా? నీళ్లు మార్చి పట్టమను. ఫికర్ చేయకు" అన్నాడు.

బిల్డు ఇంకా నడుస్తూనే ఉంది. ఆ కంపులో నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, గొంతులోకి వాంతి వస్తోంది. ఆయన ముద్ద మీద ముద్ద పెట్టుకుంటున్నాడు. చివరికి డబ్బా అడుగు వేలితో తుడిచి, ఆ వేలు నాకాడు.

పాల పరీక్ష ప్రోగ్రాంను సైటు ఫైలు లేకుండా బిల్డు చేసి, ఆయన చేయి కడుక్కుని వచ్చేలోపు పాతదాని స్థానంలో పెట్టేశాను. ఆ సాయంత్రం ప్లాంటు గేటు దగ్గర ట్యాంకర్లు వరుసగా ఆగిపోయాయి. పెద్ద లొల్లి అయింది. హెడ్డాఫీసు నుంచి మనుషులు దిగేసరికి సైటు ఫైలులో ఆ లైను మాయం. ప్రోగ్రాంను తాను ముట్టనే లేదని మాణిక్ సార్ ఒట్టేశాడు. నిజమే, ముట్టలేదు. కొన్నాళ్లకు ఆయనను బదిలీ చేశారు, ఇంకా పెద్ద కుర్చీకి. థూ!

బబ్లూ బతికాడు. చాలా రోజులు పట్టింది, కానీ బతికాడు. ఇప్పుడు వాడికే పిల్లలున్నారు.

ఆ లైను పోయాక ఆ గదిలో కంపు మళ్లీ రాలేదు. నేను ఇంకా చాలా ఏళ్లు అక్కడే పనిచేశాను, లెక్కలేనన్ని ప్రోగ్రాములు బిల్డు చేశాను. యూసుఫ్ భాయ్ మాత్రం నేను టేపు ఎక్కించినప్పుడల్లా ముందు ఒకసారి గాలి పీల్చి చూసేవాడు. జిన్ను అనేవాడు ఆయన. దేవుడు చూపించాడంటుంది మా అక్క. నేను ఏదీ అనలేను. ఇంకా ఎవరూ తాగని పాలు, ఇంకా ఎవరూ కక్కని కక్కు, ఆ గదిలో ముందే ఎలా వాసన కొట్టాయో ఎంత ఆలోచించినా తెగలేదు.

ఆ కంపు నాకు వచ్చింది, యూసుఫ్ భాయ్‌కి వచ్చింది, ఊడ్చే ఆమెకూ వచ్చింది. అందులోనే కూర్చుని ఆ మనిషి పెరుగన్నం ఎలా తినగలిగాడో, అదీ నాకు ఇవాళ్టికీ అర్థం కాదు.