మూలం చూపండి

పుదుచ్చేరిలో నెల్లితోపు మార్కెట్ పక్కన ఇడ్లీ అంగట్లో చట్నీని ప్లాస్టిక్ సంచిలో పోసి, దారంతో బిగించి కట్టి ఇస్తారు. ఆ కట్టడంలో కనబడే శ్రద్ధ చట్నీలో కనబడదు. ఓ సాయంత్రం ఆ దారాన్ని పళ్ళతో కొరుకుతుండగా ఫోను మోగింది.

"తంబీ, నన్ను దొంగ అని రాసినారంట. నువ్వు ఖాళీగానే ఉండావా?"

చేసింది పక్కవీధి మామ. వరసకు కాదు, వయసుకు మామ. ఆయన తెలుగు నవలా రచయిత. ఆయనకు తెలుగు చదవడం రాదు. మా ఊళ్ళో ఇదేమీ వింత కాదు. ఎన్నో తరాలుగా ఇక్కడే ఉన్న మా కుటుంబాల్లో తెలుగు నోట్లో ఉంటుంది, కంట్లో ఉండదు. బడిలో చదివింది తమిళం. నాకు అక్షరాలు వచ్చాయంటే కాలేజీ హాస్టల్లో నా గదిలో ఉన్న ఒంగోలు మిత్రుడి చలవ. మామ కథ చెబుతాడు, నెల్లూరు వైపు నుంచి కోడలుగా వచ్చిన అత్త దాన్ని రాస్తుంది. బాహూరు చెరువు కింది రైతుల మీద ఆ పద్ధతిలోనే ఒక నవల తయారై, అచ్చయి, చాలావరకు వాళ్ళ అటక మీదే స్థిరపడింది.

నేను ఇంటర్నెట్లో అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞానసర్వస్వానికి ఒక నిర్వాహకుణ్ణి. అధికారం ఉంది, జీతం లేదు. ఇది తిరగబడి ఉంటే బాగుండేదని మా ఇంట్లో అభిప్రాయం.

మామ గురించిన వ్యాసంలో పేరు చెప్పని వ్యక్తి ఎవరో ఒక వాక్యం చేర్చారు: నవలలో చివరి పది అధ్యాయాలు రచయిత భార్య కల్పించినవి. మూలం చూపలేదు. ఆ ఆదివారం తెలుగు సంఘంవాళ్ళు మామకు శాలువా కప్పాల్సి ఉంది. ఈ సంగతి తేలేదాకా శాలువా బీరువాలోనే క్షేమంగా ఉంటుందని కార్యదర్శి మర్యాదగా చెప్పాడట.

బతికున్నవాళ్ళ మీద ఆధారం లేని మాట కనబడితే వెంటనే తీసెయ్యాలని మా నియమం. పోయినవాళ్ళ విషయంలో కాస్త నిదానించవచ్చు. వాళ్ళు ఫోన్ చెయ్యరు. తీసేశాను. నియమం అందరికీ ఒకటే కాబట్టి, పై వాక్యంలో "మహా రచయిత" అన్నచోట మహాను కూడా తీసేశాను.

ఐదు నిమిషాల్లో మళ్ళీ ఫోను. ఎవరో చదివి చెప్పారట.

"మహా యాడ పోయింది?"

"దానికీ మూలం కావాలి మామా. ఎవరైనా అచ్చులో అనుండాలి."

"నేను అంటా ఉండా గదా!"

"మనల్ని మనమే పొగుడుకుంటే చెల్లదు."

"అయితే ఎవురు పొగుడుతారు?"

ఇడ్లీలు చల్లారిపోతున్నాయని చెప్పి ఫోను పెట్టేశాను.

మర్నాడు ఆ వాక్యం తిరిగొచ్చింది. తీశాను. మూడోసారి వచ్చినప్పుడు మూలంతోనే వచ్చింది: నవల ముందుమాట, మూడో పేజీ. ఆ నవలను మూడో పేజీదాకా చదివినవాళ్ళు ఉన్నారని తెలిసి కొంచెం కదిలిపోయాను.

శనివారం పొద్దున పుస్తకం చూద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. అత్త వాకిట్లో మునగాకు దూస్తోంది. మామ అటక మీది కట్ట విప్పి, ఒక ప్రతిని దులిపి నా చేతిలో పెట్టాడు.

"గట్టిగా చదువు. ఆ అబద్ధాలోడి మొగాన కొట్టినట్టుండాల."

చదివాను. మొదటి రెండు పేజీల్లో పూర్వీకులకు, చెరువుకు, ప్రెస్సువాళ్ళకు నమస్కారాలు. మూడో పేజీలో ఇలా ఉంది: కథ సగం దాటాక నాకేమీ తోచలేదు, చివరి పది అధ్యాయాలు నా భార్యే అల్లి రాసింది, ఆ గౌరవం ఆమెదే. కింద మామ పేరు, ఇనిషియల్‌తో సహా.

"ఇది నేను చెప్పలే," అన్నాడు మామ. "ప్రెస్సోళ్ళకు నమస్కారం దాకానే నేను చెప్పింది."

"మీ పేరుతోనే అచ్చయింది మామా. మనిషి తనను పొగుడుకుంటే మూలం కాదు గానీ, తగ్గించుకుంటే మాకు భేషైన మూలం."

"అంటే?"

"ఆ వాక్యం ఉంచక తప్పదు."

"శాలువా?"

శాలువాల గురించి మా నియమాల్లో ఏమీ లేదు. పోనీ ఆ పది అధ్యాయాలూ మీరే చెప్పారా అని అడిగాను.

"అప్పుడు నాకు జరం. పడుకోనుంటి. ఏదో ఒకటి రాసి ముగించెయ్యి, నన్ను అడగొద్దు అంటి. అంతమాత్రానికి అది ఆమె రాసినట్టా?"

అత్త మునగాకు చేట పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూడలేదు, ఆయన్నే చూసింది.

"పుస్తకం అచ్చయి పన్నెండేండ్లాయె. దాంట్లో ఏముండాదో చదివి చెప్పుమని నన్ను ఒక్కనాడన్నా అడిగితిరా?"