పుట్టీ కింద బీట

ఢిల్లీ ద్వారకలోని ఆ అపార్ట్‌మెంట్ల సొసైటీలో దీపావళి వస్తోందంటే చాలు, గోడల మీది బీటలన్నీ మాయమైపోయేవి. పెయింటర్లు వచ్చి పుట్టీ పూసి, రంగు కొట్టి వెళ్లేవారు. ఎండాకాలానికి అవే బీటలు తాపీగా తిరిగొచ్చేవి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే సరోజినికి ఈ తంతు చూస్తే ఒళ్లు మండేది. చీరాల నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడ్డ మనిషి, కొలిచి చూడనిదే దేన్నీ నమ్మదు.

అన్నిటికన్నా పై అంతస్తులో ఉండే పసిబిడ్డ తల్లి భావన పడకగదిలో, సరిగ్గా పాప ఉయ్యాలకు పైన, బీముకు బీట ఉంది. అది పెరుగుతోందో లేదో ఎవరికీ తెలియదు. ఏటా పుట్టీ మెత్తేస్తుంటే ఎలా తెలుస్తుంది? పెద్ద కంపెనీల యంత్రాలు పెట్టించే స్తోమత సొసైటీకి లేదు. అందుకని సరోజిని లజపత్ రాయ్ మార్కెట్లో చవక విడిభాగాలు ఏరుకొచ్చి సబ్బుపెట్టెల్లో బిగించింది. ఆ బీట మీద ఒకటి, మిగతా బీములకూ పిల్లర్లకూ ఒక్కోటి పెట్టింది. బీట వెంట్రుకవాసి కదిలినా పెట్టె పసిగడుతుంది. ఆ కబురు వైరు లేకుండానే పెట్టె నుంచి పెట్టెకు అందుతూ కింద ఆమె ఇంట్లో కంప్యూటర్‌కు చేరుతుంది.

మొదటి వారమే చిక్కొచ్చింది. కంప్యూటర్లో భావన గది బీట గ్రాఫు రోజూ పొద్దున్నే పైకి లేస్తోంది, సాయంత్రానికి దిగుతోంది. సొసైటీ సెక్రటరీ సదాశివరావు నవ్వి, మీ పెట్టెకు పొద్దుటి జ్వరం పట్టుకుందన్నాడు. పండక్కి పెయింటర్లను పిలిచేశానని కూడా చెప్పాడు. సరోజిని తొణకలేదు. ఆ పెట్టెను మార్చి ఇంకోటి పెట్టి చూసింది. అదీ అదే మాట చెప్పింది. ముందు ఉయ్యాలను హాల్లోకి మార్పించి, తర్వాత మేడ ఎక్కింది.

సరిగ్గా ఆ గది మీదే నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు వరసగా ఉన్నాయి. ఎండాకాలం నీళ్లు చాలక ఎవరికి వారు పెట్టించుకున్నవి. పొద్దున నీళ్లు రాగానే నిండుతాయి, సాయంత్రానికి ఖాళీ అవుతాయి. అన్నిటికంటే పెద్దది సరోజినిదే. ఇన్నాళ్లూ ఆ పసిదాని నెత్తిన తన నీళ్లే ఉన్నాయి.

మర్నాడు తన ట్యాంకు నింపలేదు. కమిటీవాళ్లను ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. గ్రాఫు నిన్నటంత లేవలేదు.

"ఇది నా ఒక్కదాని ట్యాంకు బరువండీ. మిగతావి మీవి" అంది.

సదాశివరావు కాఫీ తాగడం మర్చిపోయాడు. ఆ సాయంత్రమే తన ట్యాంకు దింపించాడు. పండగలోపు ఆ మూలంతా ఖాళీ అయింది, పొద్దుటి జ్వరం తగ్గింది.

"ఆంటీ, ఇంక పాపని గదిలో పడుకోబెట్టొచ్చా?" అని అడిగింది భావన.

"అప్పుడే వద్దమ్మా. బరువు దిగిందంతే, బీము బాగవలేదు. ఇంజనీరొచ్చి గట్టిచేసేదాకా హాల్లోనే పడుకోండి."

పెయింటర్లు చెప్పిన రోజుకే వచ్చారు. పుట్టీ డబ్బా పట్టుకుని భావన గదిలోకి వెళ్లబోతున్న మనిషిని సదాశివరావే గుమ్మంలో ఆపాడు.

"భయ్యా, ఆ బీటను ఛోడ్ దో, ముట్టుకోకు. మేడమ్ దాన్ని చూస్తున్నారు."