ఆవు డొక్కకు చెవి ఆనించిన పరీక్షకుడు

పశువైద్య నిపుణుల్ని పరీక్షించి పట్టా ఇచ్చేవాళ్లు ప్రొఫెసర్లేనని లైబ్రరీ పుస్తకంలో చదివి నమ్మాను. మలేషియాలో మా ఊరు బటాంగ్ బెర్జుంటై పశువుల డాక్టరు తానూ అలాంటి పరీక్షకుణ్ణేనంటే మాత్రం నమ్మలేదు. ఏ ఆవునైనా ఆయన డొక్క మీద వేలితో తట్టి, చెవి ఆనించి వినేవాడు.

మా ఆవు మేత మానేసిన రోజున కూడా అలాగే విన్నాడు.

"పొట్ట మెలిపడిపోనాది బాబూ. ఈ పొద్దే ఆపరేషన్ సెయ్యాలి."

"మీరు ఏ కాలేజీలో పాఠం చెప్పినారు మావా?" అన్నాను.

"కాలేజీ ఏటి బాబూ, నా బతుకంతా కొట్టాల్లోనే. పరీక్షకొచ్చినోళ్లనీ కొట్టంలోకే తోలతాను," అని నవ్వాడు.

నేను ఆపరేషన్ వద్దని, కాలేజీకి కబురు పెట్టి ప్రొఫెసరు కోసం రెండు రోజులు ఆగాను. ఆవు చచ్చిపోయింది. పుస్తకంలో తర్వాతి పేజీ అప్పుడు చదివాను: వైద్యం చేసే డాక్టర్లూ పరీక్షకులవుతారట.

గొయ్యి తవ్వడానికి ఆయనే పార పట్టుకొచ్చాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.