వరదపాశం నాకిన నాలుక

మా ఊళ్లో ప్రశ్న అడిగినవాణ్ణి ఎవరూ కొట్టరు. అంతకంటే బాగా చూసుకుంటారు.

రెండువేల దశకంలో, వరస కరువుల మధ్య, విమానంతో మబ్బులకు మందు చల్లి వాన కురిపిస్తామంటూ ఒక అధికారి వచ్చాడు. మాది డోన్‌కు పడమట, వేరుశనగ తప్ప మరో పంట ఎరగని పల్లె. బడి ముందు షామియానా కింద ఊరంతా కూర్చుంది. పక్క మండలంలో విమానం తిరిగిన మర్నాడే వాన దంచికొట్టిందని ఆయన చెబితే చప్పట్లు మోగాయి. అప్పుడు మా నాయన లేచాడు.

"విమానం తిరగని ఊర్లల్లో ఆ పొద్దు ఎంత పడిందో గూడా చెప్పండి సార్. ఆడా పడింటే, ఇది మీ మందు పనో మబ్బు పనో ఎట్ల తెలుస్తాది?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. అధికారి, "ఏమయ్యా, శాస్త్రవేత్తలకే పాఠం చెప్తావా?" అని నవ్వాడు. ఊరు నవ్వింది. అందరికంటే గట్టిగా మా పెదనాయన నవ్వాడు.

వేరుశనగ విత్తనం కాయ పైతొక్కలో ఉన్నన్నాళ్లే నిలుస్తుంది. ఒలిచాక ఎక్కువ రోజులు ఉంచితే పురుగు పడుతుంది, మొలక చస్తుంది. అందుకే మావాళ్లు వాన జాడ చూశాకే ఒలుస్తారు. ఆ ఏడు విమానాన్ని నమ్మి ఇంటింటా ముందే ఒలిచారు. నాయన వద్దన్నాడు. "ఊరంతా విత్తుతాంటే మన చేను ఒగటే బీడు పెడతావా?" అని అమ్మ ఏడ్చింది. దాంతో ఆయనా ఒలిచాడు.

విమానం వచ్చింది, తిరిగింది, పోయింది. వాన రాలేదు. విత్తనమంతా నూనె మిల్లుకు పోయింది.

తిలాపాపం తలా పిడికెడు పంచుకోవాల్సింది పోయి, మొత్తం తెచ్చి నాయన నెత్తిన పెట్టారు. మంచి పని మొదట్లోనే అపశకునం పలికాడట! వాన కోసం మావాళ్లు వరదపాశం చేస్తారు. గుట్ట మీద బండ కడిగి, దాని మీద పాయసం పోసి, మగవాళ్లంతా మోకాళ్ల మీద వంగి నాలుకతో నాకుతారు. అందరూ కలిసి చేసేది కాబట్టి అందులో సిగ్గు లేదు. ఆసారి మాత్రం మిట్టమధ్యాహ్నం నాయన ఒక్కణ్ణే వంచారు. ఊరు చుట్టూ నిలబడి చూసింది. పెదనాయన ఆయన మెడ మీద చెయ్యి పెట్టి, "బాగా నాకురా, నోటి దోషం పోతాది" అన్నాడు. కాలిన బండ మీద నాయన నాలుక బొబ్బలెక్కింది. వాన అప్పుడూ రాలేదు. ఆ మనుషులను నేను ఇప్పటికీ క్షమించలేదు.

వానకారు పోయాక అధికారి మళ్లీ వచ్చాడు. ప్రయోగం విజయవంతమైందన్నాడు. మా ఊళ్లో చినుకెందుకు పడలేదో చెప్పలేదు. చివర్లో, "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగాడు.

అప్పటికి అందరికీ ఉన్నది నాయన సందేహమే. పెదనాయన ఆయన వైపు వంగి, "నువ్వే అడుగురా, నీకైతే తెలుసు గదా" అని గొణిగాడు.

నాయన చేతులు జోడించి లేచాడు.

"ఏమీ లేవు సార్. శానా బాగుండాది."

అధికారి ఆయన్ను మెచ్చుకుని, అందరితో చప్పట్లు కొట్టించాడు.